సింగపూరు నుంచి వచ్చాక

మా ఆఫీసులో ఖర్చులు అడగడం తప్పు కాదు. పెళ్లిలో ప్లేటు ఎంత పడింది, స్లాబుకు ఎంతయింది, పిల్లాడి ఇంటరు ఫీజు ఎంత కట్టారు, అన్నీ అడుగుతాం. నేనూ అడిగేదాన్నే. అందుకే మేం సింగపూరు వెళ్లొచ్చాక "ఎంతయిందండీ?" అన్నవాళ్ల మీద నాకు కోపం రాలేదు. భయం వేసింది. ఆ భయం ఎందుకో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి కొంత చెప్పాలి.

నేను కాకినాడలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. శాఖ పేరు రాయను. నాది బిల్లుల సీటు. మా ఆయనకు షాపు ఉండేది. కోవిడ్ తరవాత కోలుకోలేదు. అద్దె ఇవ్వలేక షట్టరు దించేశాం. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. "సారు వ్యాపారం ఎలా ఉందండి?" అంటే "ఫర్వాలేదండి" అనేదాన్ని. అలా అన్న ప్రతిసారీ ఎవరైనా ఆ వీధిలోంచి వెళ్లి మూసిన షట్టరు చూశారేమోనని గుబులుగా ఉండేది. ఇల్లు నా జీతం మీద నడుస్తోంది.

మా చెల్లెలు సింగపూరులో ఉంటుంది. దానికి రెండో కాన్పయినప్పుడు అమ్మ వెళ్లలేకపోయింది. మోకాళ్లు. "ఓపిక ఉండగా ఒక్కసారి దాని పిల్లల్ని చూసొస్తానే" అని అమ్మ అంటూనే ఉంది. ఒంటరిగా పంపలేం. వేసవి సెలవుల్లో అమ్మ, మేమిద్దరం, మా అమ్మాయి కలిసి వెళ్దామనుకున్నాం. మా ముగ్గురి టికెట్లు నేను పాడిన చిట్టీ డబ్బుతో కొన్నాను. అమ్మ టికెట్టు మరిది కొన్నాడు. దిగింది వాళ్లింట్లో. తిండీ వాళ్లదే. అక్కడ తిరిగిన ఖర్చులో చాలా వరకు మరిదే పెట్టుకున్నాడు.

ఎంతయిందని ఎవరైనా అడిగితే నా దగ్గరున్న నిజమైన జవాబు అదీ. ఆ జవాబు చెబితే వెనకాలే ఇంకో ప్రశ్న వస్తుంది. "అదేంటండి, సారు పెట్టుకోలేదా?" నా భయం ఆ రెండో ప్రశ్న.

వెళ్లే ముందు అనుమతి తీసుకున్నాను. ప్రభుత్వోద్యోగి సొంత పని మీద విదేశం వెళ్లాలన్నా పైవాళ్ల అనుమతి ఉండాలి. దానికో ప్రొఫార్మా ఉంటుంది. ఏ దేశం, ఎన్నాళ్లు, ఎవరెవరు, అంచనా ఖర్చు ఎంత, ఆ డబ్బు ఎక్కడిది, అన్నీ రాయాలి. ఇంట్లో భోజనాల బల్ల మీద పెట్టుకుని రాశాను. డబ్బు ఎక్కడిదన్న గడిలో మా టికెట్లకు చిట్టీ అని రాశాను. అమ్మ టికెట్టుకూ బసకూ "చెల్లెలి భర్త భరిస్తారు" అని రాశాను. రాస్తున్నప్పుడు మా ఆయన పక్కన కూర్చుని ఉన్నారు. ఆ ముక్క చదివి లేచి బయటికి వెళ్లారు. చాలాసేపటికి గానీ లోపలికి రాలేదు. నేనూ పిలవలేదు.

ప్రయాణం గురించి ఎక్కువ రాయను. సామర్లకోటలో రైలెక్కి విశాఖ వెళ్లి, అక్కడ విమానం ఎక్కాం. అమ్మ ఒళ్లో కాజాల డబ్బా. బాగా తిరిగాం. మెర్లయన్ దగ్గర ఫొటోకు పైసా తీసుకోరు. గార్డెన్స్ బై ది బేలో అద్దాల మేడల్లోకి వెళ్లడానికే టికెట్టు, బయట తోటలో తిరగడానికి లేదు. రాత్రి ఆ పెద్ద ఇనుప చెట్ల మీద వేసే దీపాల ఆట కూడా ఉచితమే. అమ్మ అక్కడ నేల మీద చాప పరుచుకుని పడుకుని చూసింది. లిటిల్ ఇండియాలో పెరుమాళ్ల గుడికి వెళ్లాం. ముస్తఫాలో చాక్లెట్లు, తలనొప్పి నూనె సీసాలు కొన్నాం, ఆఫీసులో పంచడానికి.

వచ్చాక మొదటి సోమవారం ఆ చాక్లెట్లు టేబులు మీద పెట్టాను. పదకొండు గంటల టీ లోపే మొదలైంది.

మొదట అడిగింది మా రికార్డు అసిస్టెంటు. వాళ్లమ్మాయి తొమ్మిదో తరగతి. "అది విమానం ఎక్కాలని గోల పెడుతోందండి. మనలాంటోళ్లకి అవుతుందాండీ?" అన్నాడు. ఆయనకు దాచకుండా చెప్పాలనిపించింది. టికెట్టు ఎంత ముందుగా కొంటే తగ్గుతుంది, వీసా ఫీజు మనిషికి ముప్పై సింగపూరు డాలర్లు, వీసా రాకపోయినా తిరిగివ్వరు, అక్కడికి దిగేముందు నింపే అరైవల్ కార్డు ఉచితం, దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్లను నమ్మొద్దు, అన్నీ ఒక కాగితం మీద రాసిచ్చాను. ఆయనకు కావలసింది ఆయన ఖర్చు. నా ఖర్చు కాదు.

మిగతావాళ్లకు కావలసింది నాది. "టోటల్ ఎంత పడిందండి?" "ప్యాకేజీయా, సొంతంగానా?" "మా బావమరిది వాళ్లు మలేషియా కలిపి వెళ్లారు, మీకంటే తక్కువేనేమో, చెప్పండి చూద్దాం." నవ్వేసి "బాగానే అయిందండి" అన్నాను. "బాగానే అంటే ఎంత?" అన్నారు. "చెల్లెలింట్లో దిగాం కదండి, పెద్దగా కాలేదు" అన్నాను. "ఓహో, అయితే మరిదిగారే చూసుకున్నారన్నమాట" అన్నారు. చెవులు వేడెక్కాయి. సిస్టమ్ వైపు తిరిగి, మూసి ఉన్న ఫైలు తెరిచాను.

ఆ బుధవారం భోజనాల దగ్గర మా సెక్షన్లోనే ఒకాయన నా తరఫున లెక్క కట్టారు. పాత బిల్లు ఫారం వెనక్కి తిప్పి పెన్నుతో రాశారు. మనిషికి టికెట్టు ఇంత, నలుగురికి ఇంత. హోటలు రోజుకి ఇంత. హోటల్లో దిగలేదండి అన్నాను. "సరే, సగం వేద్దాం" అన్నారు. షాపింగు ఒక లక్ష. అడ్డగీత గీసి కూడారు. అందరూ ఒంగి చూశారు. నేనూ చూశాను. ఆ అంకె మా ఖర్చుకు దరిదాపుల్లో లేదు. కాదని చెప్పాలంటే అసలు అంకె చెప్పాలి. ఊరుకున్నాను. శుక్రవారానికి ఆ అంకె మేడ మీద సెక్షనుకు చేరింది. అక్కడికి చేరేసరికి ఇంకో రెండు లక్షలు పెరిగింది.

అప్పటి నుంచి నా సీట్లోనే తినడం మొదలుపెట్టాను. పని ఉందని చెప్పేదాన్ని. ఒక మధ్యాహ్నం కొత్తగా బదిలీ మీద వచ్చినావిడ పేరు పరిచయం అవుతూనే "సింగపూరు మేడమ్ మీరేనా?" అంది. ఆమె తప్పేం లేదు. నేను రికార్డు రూములోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుని నిలబడ్డాను. ఊపిరి సరిగా అందలేదు. చేతులు వణికాయి. అది గుండె జబ్బేమోననుకున్నాను. డాక్టరు చూసి, బీపీ పెరిగింది, మిగతాది కంగారు అన్నారు.

ఆ నెల చివర్లో మా అధికారి లోపలికి పిలిచారు. కూర్చోమన్నారు. ఆయన కూర్చోమనడం అరుదు. టేబులు మీద ఒక కవరు ఉంది. ఆకాశరామన్న ఉత్తరం. పైఆఫీసుకు వెళ్లి, అక్కడి నుంచి వివరణ కోరుతూ మెమోతో కలిసి కిందికొచ్చింది. టైపు చేసిన ఒకటే పేజీ. బిల్లుల సీటులో ఉన్న ఫలానా ఉద్యోగిని కుటుంబ సమేతంగా లక్షలాది రూపాయలతో విహారయాత్ర చేసిందని, భర్తకు ఏ ఆదాయమూ లేదని, ఈ డబ్బు ఎక్కడిదో విచారించాలని ఉంది. కింద ఏసీబీకి కాపీ అని రాసి ఉంది.

ఉత్తరంలో ఖర్చు సంగతి తప్పు. భర్తకు ఆదాయం లేదన్నది మాత్రం నిజం. నేను దాచిన సంగతి ఎవరికో ఎప్పుడో తెలుసు. తెలిసే నన్ను "సారు వ్యాపారం ఎలా ఉందండి?" అని అడిగారు.

మెమో మీద సంతకం పెట్టి తీసుకున్నాను. సంతకం నాదిలా లేదు.

ఆ రాత్రి అనుభవించింది ఇలాంటి సీట్లలో ఉన్నవాళ్లకు ప్రత్యేకం చెప్పక్కర్లేదు. నలభై ఎనిమిది గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెన్షన్ అయినట్టేనని నేనే ఎన్నో నోట్లలో టైపు చేశాను. సస్పెన్షన్‌లో వచ్చేది జీవనాధార భత్యం. అది అర్ధజీతపు సెలవుకు వచ్చేంతే. పూర్తి జీతంతోనే నెలాఖరు ఈడ్చుకొస్తున్న ఇల్లు. బీరువా తెరిచి గాజులు, గొలుసు మంచం మీద పెట్టాను. ఏది పుట్టింటి వాళ్లు పెట్టింది, ఏది మేం కొన్నది, దేనికి బిల్లుంది అని చూడడం మొదలుపెట్టాను. పెళ్లినాటి గాజులకు బిల్లు ఎవరు దాస్తారు? మా ఆయన లేచి వచ్చి అవన్నీ తిరిగి డబ్బాలో సర్దారు. అప్పటిదాకా ఆయనకు చెప్పలేదు. మెమో చేతికిచ్చాను. చదివి, "నా పేరు కూడా రాశారే" అన్నారు. ఇద్దరం తెల్లవారే వరకు పడుకోలేదు.

తప్పు చేయని మనిషికి భయమెందుకు అని అంటారు. అనేవాళ్లు ఎప్పుడూ మెమో అందుకుని ఉండరు.

మర్నాడు ఉదయం రిటైరైన మా సూపరింటెండెంటు గారికి ఫోను చేశాను. నేను ఈ ఉద్యోగంలో చేరినప్పుడు నోటు రాయడం నేర్పింది ఆయనే. మాట్లాడలేక ఏడ్చేశాను. "ముందు ఊపిరి తీసుకోమ్మా. అనుమతి తీసుకునే వెళ్లావు కదా? నీ దరఖాస్తు కాపీ ఉందా? దాని మీద ఇన్వర్డు ముద్ర ఉందా?" అని వరసగా మూడు ప్రశ్నలు అడిగారు. అన్నిటికీ ఉంది, ఉంది అని జవాబు చెప్పాక నా గొంతు కుదుటపడింది. ఆదివారం పొద్దున్నే ఆయన స్కూటరు మీద పిఠాపురం నుంచి వచ్చారు. ఆ వయసులో. ఇడ్లీ పెడితే తినలేదు, పని అయ్యాక తింటానన్నారు.

వివరణలో ఏడుపు ఉండకూడదన్నారు. "నేను నిజాయితీపరురాలిని" అన్న వాక్యం కొట్టేశారు. ఎవరి మీదా అనుమానం రాయొద్దన్నారు. ఖర్చు ఒక వరస, డబ్బు వచ్చిన చోటు ఒక వరస, పక్కన దానికి కాగితం ఏదో ఒక వరస. అంతే. చిట్టీ పాసుపుస్తకం, పాట డబ్బు ఖాతాలో పడిన తేదీ, అదే ఖాతాలోంచి టికెట్లకు వెళ్లిన తేదీ. విదేశీ ప్రయాణానికి రెండు లక్షలు దాటి ఖర్చు పెట్టినవాళ్లు ఆదాయం ఎంత తక్కువున్నా ఆదాయపు పన్ను రిటర్ను వేయాలని నాకు అప్పుడే తెలిసింది. నాకు ఆ ఇబ్బంది లేదు, ఏటా వేస్తూనే ఉన్నాను. ఆ కాపీలూ పెట్టించారు.

మిగిలింది మరిది పెట్టిన ఖర్చుకు రుజువు. ఆ ఫోను చేయడం నాకు మెమో తీసుకోవడం కంటే కష్టమైంది. అమ్మకు టికెట్టు కొని, మా అందర్నీ ఇంట్లో పెట్టుకుని, తినిపించి పంపినవాణ్ని "నీ లెక్కలు చూపించు" అని అడగాలి. చెల్లెలితో చెప్పిద్దామనుకున్నాను. మా ఆయన, "నువ్వే అడుగు, అతను ఏమీ అనుకోడు" అన్నారు. చేశాను. "దానికింత మొహమాటం ఎందుకు వదినా? అరగంటలో పంపుతాను" అన్నాడు. అరగంట పట్టలేదు. కార్డు స్టేట్‌మెంటు మొత్తం పంపాడు, ఒక్క గీత కొట్టేయకుండా. అమ్మ టికెట్టు డబ్బు అతను నెలవారీ వాయిదాల్లో కడుతున్నాడని అందులో చూశాను. చెల్లెలు ఎప్పుడూ అనలేదు. నేను ఆ స్టేట్‌మెంటు ప్రింటు తీసి మిగతా కాగితాల్లో పెట్టాను. ఆ సంగతి ఈనాటికీ వాళ్లతో ఎత్తలేదు.

ఇంకో ఇద్దరికి రుణపడి ఉన్నాను. ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో అమ్మాయి నా అనుమతి ఉత్తర్వును, దానికి జతచేసిన ప్రొఫార్మాతో సహా వెతికి, ధ్రువీకరించిన కాపీ ఇప్పించింది. సాయంత్రం ఆరు దాటినా ఉండి ఇప్పించింది. ఆ రోజుల్లో నాతో మాట్లాడుతూ కనిపించడమే కొందరికి ఇష్టం లేదు. రెండోది మా అటెండరమ్మ. నేను నా సీట్లో ఒంటరిగా తింటున్నన్నాళ్లూ తన క్యారేజీ తెచ్చుకుని పక్క స్టూలు మీద కూర్చుని తినేది. ఏమీ అడిగేది కాదు.

వివరణ గడువులోపే ఇచ్చాను. ఆ తరవాత ఎదురుచూపు. అది వారాలు సాగింది. ఏసీబీ వాళ్లు తెల్లవారుజామున వస్తారని విన్నదాన్ని కనుక నాలుగింటికే మెలకువ వచ్చేసేది. పాలవాడి బండి ఆగినా లేచి కూర్చునేదాన్ని. అమ్మాయి గమనించింది. "అమ్మా, మనం సింగపూరు వెళ్లకుండా ఉండాల్సిందా?" అని అడిగింది. దానికి అప్పుడు గట్టిగా జవాబు చెప్పలేకపోయాను. ఆఫీసులో ఖర్చు గురించి అడగడం ఆగిపోయింది. దాని బదులు "మెమో ఏమైందండి?" అనేవారు. గొంతు అదే, వంగి అడగడం అదే.

శ్రావణమాసంలో ఉత్తర్వు వచ్చింది. వివరణను, జతపరచిన పత్రాలను పరిశీలించి తదుపరి చర్య విరమించడమైనదని ఉంది. రెండు వాక్యాలు. సూపరింటెండెంటు గారికి ఫోనులో చదివి వినిపించాను. "సర్వీసు రిజిస్టరుతో పాటు ఒకటి, ఇంట్లో ఒకటి పెట్టుకో" అని పెట్టేశారు.

ఉత్తరం ఎవరు రాశారో తెలియదు. తెలుసుకోవాలని కొన్నాళ్లు పిచ్చిగా అనిపించింది. ఎవరి నోటులో "లక్షలాది రూపాయలు" అని కనిపించినా ఆగి చదివేదాన్ని. అందరినీ అనుమానించాను. చాక్లెట్టు తీసుకోనివాళ్లను కూడా. ఇప్పుడు తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఆ వారంలోనే మళ్లీ అందరితో భోజనానికి కూర్చున్నాను. అడగకముందే చెప్పాను. "మా ఆయన షాపు తీసేశామండి, చాలా రోజులైంది. అమ్మ టికెట్టు మా మరిది కొన్నాడు. అక్కడంతా వాళ్లే చూసుకున్నారు." గొంతు వణుకుతుందేమో అనుకున్నాను, వణకలేదు. కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తరవాత ఒకావిడ తన భర్తకు కూడా ఉద్యోగం పోయిందని, ఇంట్లోనే ఉంటున్నారని చెప్పింది. ఆవిడ పక్క సీట్లో ఉంటుంది, నాకు తెలియనే తెలియదు. బిల్లు ఫారం వెనక లెక్క కట్టినాయన మాత్రం పెరుగు కలుపుకుంటూ, "అది సరేనండీ, మీ ముగ్గురికీ ఎంత పడింది?" అన్నారు. "చెప్పనండి" అన్నాను. అంతకుముందు ఆ మాట అంటే బాగుండదేమో అనుకునేదాన్ని. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు. ఆ అంకె ఇక్కడా రాయడం లేదు.

మా అమ్మాయికి కూడా జవాబు చెప్పాను. వెళ్లడమే మంచిదైందని. అమ్మ మోకాళ్లు ఇప్పుడు మేడమెట్లు కూడా ఎక్కనివ్వడం లేదు.

మీరూ ఉద్యోగస్తులై, కుటుంబంతో విదేశం వెళ్తుంటే అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. డబ్బు ఎక్కడిదన్న గడిలో ఉన్నదున్నట్టు రాయండి, అది రాయడం ఎంత చిన్నతనంగా అనిపించినా సరే. దరఖాస్తు కాపీ మీద ఇన్వర్డు ముద్ర వేయించుకోకుండా ఆ టేబులు దగ్గర్నుంచి కదలకండి. టికెట్ల డబ్బు బ్యాంకు ద్వారానే కట్టండి. మీకోసం ఎవరైనా ఖర్చు పెడితే ఆ రసీదు వాళ్లనడిగి అప్పుడే తీసుకోండి, ఆపద వచ్చాక అడగడం చాలా కష్టం. ఆఫీసులో ఎవరైనా ఎంతయిందని అడిగితే, వాళ్లూ వెళ్లాలనుకుని అడుగుతున్నారా అన్నది ఒక్కటి చూడండి. అలా అయితే కూర్చోబెట్టి చెప్పండి. లేకపోతే చెప్పక్కర్లేదు.